నాన్న దినం నాటి కాగితం

అక్కుపల్లి
9-12-2024

ఒరే బుల్లోడా,

అమ్మని రాస్తున్నాను. ఈ ఉత్తరం ముందుగా విప్పే జైలు బాబుగారికి నమస్కారాలు. బాబూ, ఇందులో ఏమీ లేదు, మాటలే. చదువుకుని మా వాడికి ఇవ్వండి.

మొన్న ఫోనులో నీకిచ్చిన అయిదు నిమిషాలూ నేను ఏడవడానికే సరిపోయాయి. అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడు ఎంతసేపు ఏడ్చినా టైము అయిపోదు. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకో.

మీ నాన్న ఏడాది దినం బాగానే జరిగింది. నువ్వు వస్తానన్నావని మధ్యాహ్నం దాకా చూశాము. రైలు ఆలస్యమనుకున్నాను. మీ చిన్నాన్న సన్యాసయ్య రెండుసార్లు రోడ్డు దాకా వెళ్ళి చూసి వచ్చాడు. మూడోసారి వచ్చి, "ఏటి వదినా, ఇంకా సూత్తావేటి? ఎండెక్కిపోనాది. కాకులు కూడా కూకుని కూకుని ఎగిరిపోతన్నాయి. పిండం నానెడతాను" అన్నాడు. ఆయనే పెట్టాడు. కాకి వెంటనే ముట్టింది. మీ నాన్న ఎప్పుడూ అంతే. ఎవరు పెట్టారని చూడడు, పెట్టారా లేదా అనే చూస్తాడు.

నాలుగు రోజులకి పోలీసు ఒకాయన వచ్చి నువ్వు పడవల్లో వేటకి వెళ్ళిన గుజరాతులోనే జైల్లో ఉన్నావన్నాడు. రేవు దగ్గర బస్సు కోసం నిలబడ్డ ఒక సాయిబుల అమ్మాయి ముసుగు లాగి కింద పడేశారట, మీరు అయిదుగురు. ఏ రోజు బాబూ అని అడిగితే తారీఖు చెప్పాడు. మీ నాన్న దినమే. "ఆ రోజు మావోడు రైల్లో ఉండాల బాబూ" అన్నాను. ఆయన మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు పలాస నుంచి తారకేశ్వరరావుగారు కారులో వచ్చారు. మీ ధర్మ సంఘానికి ఇక్కడి పెద్ద అట. నాకు శాలువా కప్పి ఫోటో తీయించారు. "నీ కొడుకు సింహం అమ్మా. నువ్వు వీరమాతవి" అన్నారు.

"సింహం ఏటి సేసింది బాబూ?"

"బుద్ధి చెప్పాడు."

"ఎవులికి?"

"ఒక ఆడదానికి."

"ఎంతమంది కలిసి బాబూ?"

ఆయన ఫోను మోగింది. బయటికి వెళ్ళిపోయారు. టెక్కలిలో సభ పెట్టి నన్ను స్టేజీ మీద కూర్చోబెడతారట. శాలువా మందంగా ఉంది. ఎండుచేపల మీద కప్పుతున్నాను. కాకులు రావడం లేదు.

వాళ్ళూ వీళ్ళూ చెప్పింది కాదు, నువ్వేం చేశావో నీ చేతిరాతతో నాకు రాయి. అంతే అడుగుతున్నాను.

నీ రాక కోసం చూసే
అమ్మ, కాసులమ్మ


జైలు
22-12-2024

పూజ్యురాలైన అమ్మకు,

ధర్మం గెలుస్తుంది. నేను క్షేమం.

ఇక్కడ తెలుగు ఎవరికీ రాదు. ఉత్తరం విప్పి, దులిపి చూసి, ఇచ్చేస్తారు. వాళ్ళకి నమస్కారాలు అక్కరలేదు.

నాన్న దినానికి రావాలనే టిక్కెట్టు తీసుకున్నాను. రైలెక్కాల్సిన రోజున ఇక్కడి సంఘం పెద్ద, మేమంతా అన్న అని పిలిచే ఆయన, "రెండు రోజుల్లో ఒక పని ఉంది, అది అయ్యాక వెళ్దువు గాని" అన్నాడు. ఇంటి పని కన్నా ధర్మం పని పెద్దది. నాన్న ఉంటే ఆయనా అదే చెప్పేవాడు.

నువ్వు అనుకుంటున్నంత ఏమీ జరగలేదు. ఆవిడే పడింది. ముఖాలు దాచుకుని తిరిగేవాళ్ళ మనసులో ఏముందో ఎవరికి తెలుసు? నువ్వు నలభై ఏళ్ళు ఎండలో చేపల గంప మోశావు. ముఖం నల్లబడింది గానీ ఏనాడైనా దాచుకున్నావా? మన ఆడవాళ్ళు దాచుకుంటారా? అదంతా పెంపకంలో ఉంటుంది. వాళ్ళ పెంపకం అలాంటిది.

వకీలుగారి గుమస్తా చిట్టిబాబు ఒక కాగితం తెస్తాడు. సంతకం పెట్టు. చదవక్కర్లేదు. అది పెడితే వేసవికల్లా ఇంట్లో ఉంటాను.

జీడి ఫ్యాక్టరీలో పనికి వెళ్తానని నువ్వు ఒకసారి అన్నావు. వెళ్ళకు. ఆ నూనెకి చేతులు కాలిపోతాయి. డబ్బు నేను పంపుతాను.

సంఘంలో చేరాక చేప మానేశాను. ఇక్కడ పప్పు నీళ్ళలా ఉంటుంది. అయినా పరవాలేదు.

ధర్మ సేవలో
సూర్యం


అక్కుపల్లి
5-1-2025

ఒరే బుల్లోడా,

జైలు బాబుగారికి నమస్కారాలు. అర్థం కాకపోయినా మర్యాద మర్యాదే.

నువ్వు చేప మానేశావని మీ చిన్నాన్నకి చెప్పాను. "సేపలట్టీవోడు సేప తినడేటి? ఒంట్లో బాగోలేదేమో కనుక్కో" అన్నాడు. ఒంట్లో బాగోలేదా?

చిట్టిబాబు వచ్చాడు. చదవక్కర్లేదన్నావు గాని, చదవడం వచ్చినదాన్ని ఊరికే ఎలా ఉంటాను? కూడబలుక్కుని చదివాను. 'నా కుమారుడు సూర్యం సదరు తేదీన అక్కుపల్లి గ్రామంలో నా యింటి వద్దనే యుండి తన తండ్రి తవిటయ్య సంవత్సరీకము స్వహస్తములతో జరిపించినాడు' అని ఉంది. మొదటిసారి మాటలు పట్టుకోవడంతోనే సరిపోయింది. రెండోసారి చదివేసరికి నువ్వు నిజంగా వచ్చేశావు. తడిపంచెతో గట్టు మీద నిలబడ్డావు. చలికి వణికావు. మీ చిన్నాన్న నిన్ను వెక్కిరించాడు. అవన్నీ కాగితంలో లేవు, నేనే చూసుకున్నాను.

"బాబూ, శానా బాగా రాసినారు. నాలుగు రోజులు నా కాడ ఉంచండి" అన్నాను. చిట్టిబాబుకి కోపం వచ్చింది. "ఇదేటి కతల పుత్తకమా అమ్మా, సదువుకోడానికి? సంతకమెట్టీ, నాను బస్సందుకోవాల" అన్నాడు. బస్సు వెళ్ళిపోతుందని కాగితం వదిలేసి పరుగెత్తాడు. బియ్యం డ్రమ్ములో పెట్టాను. రోజూ ఒకసారి తీసి చదువుతున్నాను.

ఒక సంగతి నాకు బోధపడలేదు. నువ్వు 'ఆవిడే పడింది' అని రాశావు. కాగితంలో నువ్వు అసలు అక్కడే లేవు. లేనివాడివి, ఆవిడే పడిందని నీకెలా తెలుసు?

మన ఆడవాళ్ళు దాచుకుంటారా అని అడిగావు. మీ నాన్న పోయినప్పుడు పెద్దదినం దాకా నన్ను ముసుగేసి మూల కూర్చోబెట్టారు. నా ముఖం ఎవరూ చూడకూడదన్నారు. గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నది నువ్వే. నాకు ఆ ముసుగులో ఊపిరాడలేదు. అయినా తీసేవాళ్ళు తీసే రోజున తీయాలి, లేదా నేను తీసుకోవాలి. రోడ్డున పోయేవాడు ఎవడైనా లోపలికి వచ్చి దాన్ని లాగి ఉంటే నువ్వేం చేసేవాడివి? నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను.

నువ్వేం చేశావో ఇంకా రాయలేదు.

అమ్మ


జైలు
24-1-2025

అమ్మా,

నువ్వు నాకు అబద్ధం చెబుతున్నావు.

మొన్న సంఘం నుంచి ఒక కుర్రాడు ములాఖత్‌కి వచ్చాడు. పలాస సంఘం వాళ్ళు ఫోనులో పంపిన ఫోటో ఒకటి కాగితం మీద వేయించి తెచ్చాడు. కాశీబుగ్గ ఆటో స్టాండులో ఇద్దరు ఆడవాళ్ళు. తల నుంచి గడ్డం దాకా నల్లగుడ్డ, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. కింద 'మన ఊళ్ళోకీ వచ్చేశారు, జాగ్రత్త' అని రాసి ఉంది. వాడు నవ్వుతూ, "చూడు, నువ్వు విడుదలయ్యేసరికి మీ ఊళ్ళోనే పని తయారుగా ఉంది" అన్నాడు.

నేనూ నవ్వాను. తర్వాత ఆ రెండో ఆడమనిషి కాలు చూశాను. ఎడమ చెప్పు పట్టీ తెగితే నీలం వలదారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు నాది. వల ముడి. ఊరికి వచ్చినప్పుడు నేనే వేశాను.

ఎవరు మార్చారు నిన్ను? ఎప్పటి నుంచి? అందుకేనా ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ప్రశ్నలు వేస్తున్నావు? నాన్న పోయి ఏడాది తిరిగిందో లేదో నువ్వు ముసుగులో తిరుగుతున్నావా? నేను ఇక్కడ ధర్మం కోసం కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

అది మా అమ్మ అని వాడికి చెప్పలేదు.

అమ్మా, నువ్వు ఏ మతంలో కలిసినా ముసుగుతో మాత్రం బయటికి రాకు. ఆటో స్టాండు వైపు అసలు వెళ్ళకు. వాళ్ళు చూస్తారు.

సూర్యం


అక్కుపల్లి
6-2-2025

ఒరే బుల్లోడా,

బాబుగారికి నమస్కారాలు.

నీ ఉత్తరం పక్కింటి వరహాలమ్మకి చదివి వినిపించాను. ఫోటోలో మొదటి ఆడమనిషి తనే. "నన్ను ఫొటోల ఏసినారా! ముందే సెప్తే మంచి కోక కట్టుకుందును కదే" అంది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. నాకు నవ్వు రాలేదు.

అబద్ధం చెప్పిన మాట నిజమే. మొన్న శ్రావణం నుంచి జీడి ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. గంప మోయడానికి మెడ ఒప్పుకోవడం లేదు. నువ్వు వద్దంటావని చెప్పలేదు. ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కాల్చే పొగ ముఖానికి తగిలితే పొక్కులు వస్తాయి. అందుకని అందరం తలకీ ముఖానికీ గుడ్డ చుట్టుకుంటాము. అది మీ నాన్న తెల్లపంచె రా, చింపి రెండు ముక్కలు చేశాను. ఒకటి నాకు, ఒకటి వరహాలమ్మకి. జీడినూనె పొగకి నాలుగు వారాల్లో నల్లబడిపోయింది. సబ్బుకి పోదు, చాకిరేవులో ఉడకబెట్టినా పోదు. సాయంత్రం విప్పుకుంటే గాలి తగిలి ముఖం మండుతుంది, అందుకని ఇంటికి వచ్చేదాకా విప్పము. నేను ఏ మతంలోనూ కలవలేదు. పనిలో కలిశాను.

మీవాళ్ళు పలాసలో ఇలాంటి ఫోటోలు తీయడం మొదలుపెడితే ఫిలిం చాలదు. వందల మంది ఉన్నాము.

నువ్వు 'వాళ్ళు చూస్తారు' అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. నా కొడుకు కలిసి తిరిగినవాళ్ళని చూసి నా కొడుకే భయపడుతున్నాడు. నా ముసుగు వాళ్ళు లాగుతారనే కదా? లాగేముందు పేరు అడగరు కదా?

టెక్కలి సభకి వెళ్ళలేదు. నాగా పెడితే పనిలోంచి తీసేస్తారు. కుర్చీలో నా ఫోటో పెట్టి దండ వేశారట. దండ వేయడంతో నేను పోయాననుకుని మీ మేనత్త సంతబొమ్మాళి నుంచి ఏడుస్తూ వచ్చింది. అన్నం పెట్టి పంపించాను.

వరహాలమ్మ అల్లుడు మీ రేవులోనే ఉన్నాడు కదా. ఆ అమ్మాయి గురించి కనుక్కోమన్నాను. పేరు జుబేదా. మీ రేవు పక్క షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. కుడి మోచేయి విరిగింది. రెండుసార్లు కోశారు. వేళ్ళు ముడుచుకోవడం లేదట. రొయ్యలు ఒలవడానికి వేళ్ళే కావాలి. వెనక నుంచి లాగారు కాబట్టి ఎవరినీ గుర్తుపట్టలేనంది. ఈ మాట చిట్టిబాబుకి కూడా తెలిసింది. సంతోషంగా వచ్చాడు. "ఇంకేటమ్మా, మీ కాయితం ఒక్కటుంటే సాలు, మీవోడు బయటే" అన్నాడు.

సంతకం ఇంకా పెట్టలేదు. నువ్వు రాసేదాకా పెట్టను.

చేతులు బాగానే ఉన్నాయి. ఆముదం రాసుకుంటున్నాను.

అమ్మ


జైలు
23-2-2025

అమ్మా,

నేనే లాగాను.

అయిదుగురం వెళ్ళాము. నలుగురు అరిచారు. ఫోనులో వీడియో తీశారు, పోలీసులు రాకముందే చెరిపేశారు. లాగింది నేను. నా చేతికి పట్టు ఎక్కువ అని అన్నే నన్ను ముందుకి తోశాడు. వల లాగే చేయి కదా అన్నాడు.

గట్టిగా లాగనక్కరలేదు. సులువుగా వచ్చేసింది. పిన్నులు ఊడిన చప్పుడు వినబడింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అందుకే పడేటప్పుడు నేల మీద చేయి ఆనించుకోలేకపోయింది. మోచేయి మీద పడింది. లేవడానికి కూడా చేతులు తీయలేదు. ముసుగు నా చేతిలో ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాసేపు పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ ముఖం నేను చూడనేలేదు. ఫోటోలో నీ చెప్పు చూసిన దగ్గర నుంచి ఆ చేతుల వెనక నీ ముఖమే కనబడుతోంది.

అన్నకి బెయిలు వచ్చింది. మిగతా ముగ్గురికీ వచ్చింది. ములాఖత్‌కి నెల రోజులుగా ఎవరూ రాలేదు. ఇవన్నీ నీ జాలి కోసం రాయడం లేదు. అడిగావు కాబట్టి రాశాను.

ఏప్రిల్ ఎనిమిదిన వాయిదా. అమ్మా, ఆ కాగితం మీద సంతకం పెట్టు. ఇంటికి వచ్చేస్తాను. ఇంక ఎవరి జోలికీ పోను. సంఘం లేదు, ఏమీ లేదు. చిన్నాన్న తెప్ప మీద వెళ్తాను. నాన్న దినం వచ్చే ఏడు నేనే పెడతాను. నీ కాళ్ళు పట్టుకుంటాను. పెట్టు.

నీ కొడుకు
సూర్యం


అక్కుపల్లి
9-3-2025

ఒరే బుల్లోడా,

బాబుగారికి నమస్కారాలు.

నీ ఉత్తరం ఎనిమిది రోజులు నా కొంగున ఉంది. అడిగిన మాట రాశావు. నువ్వు పుట్టినప్పుడు కూడా నేను ఇంత ఏడవలేదు, ఇంత చల్లబడనూ లేదు.

సంతకం పెట్టలేదురా.

నిన్న తారకేశ్వరరావుగారు, చిట్టిబాబు కలిసి వచ్చారు. కాగితం డ్రమ్ములోంచి తీసి చాప మీద పరిచాను. చిట్టిబాబు కలం ఇచ్చాడు. 'కా' అని రాశాను. నీ మీద ఒట్టు, అక్కడిదాకా రాశాను. తర్వాత కలం చాప మీద పెట్టేశాను.

"ఏమైందమ్మా?" అన్నారు తారకేశ్వరరావుగారు.

"ఎట్టలేను బాబూ. ఆ దినం మావోడు రాలేదు. పిండం మా మరిదెట్టినాడు. ఊరంతా ఎరుగును."

"ఊరుని మేము చూసుకుంటాం. కొడుకు జైల్లో కుళ్ళిపోతే నీకు సంతోషమా? ఏం తల్లివి నువ్వు?"

"ఆడి తల్లినే బాబూ. మరెవులూ ఒప్పుకోరు."

ఆయన లేచి వెళ్ళిపోయారు. శాలువా తిరిగి ఇమ్మన్నారు. చేపల వాసన చూసి వద్దన్నారు. చిట్టిబాబు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మయితే ఎట్టీసును" అన్నాడు. అది తిట్టో పొగడ్తో నాకు తెలియలేదు. వరహాలమ్మ తిట్టింది. "నీ పేరు రాత్తే నీ సొమ్మేటి పోద్దే? కన్నకొడుకు కంటే నిజం ఎక్కువైపోనాదా నీకు?" అంది. నిన్నటి నుంచి మాట్లాడడం లేదు.

నిజం ఎక్కువై కాదు. నిన్ను విడిపించడానికి నేను ఎన్ని అబద్ధాలైనా ఆడతాను. నువ్వు దొంగతనం చేసి ఉంటే, వల కోసి ఉంటే, ఈపాటికి వంద కాగితాల మీద రాసేదాన్ని. కానీ ఈ కాగితం మీద నేను పేరు రాస్తే, ఆ అమ్మాయిని ఎవరూ లాగనట్టే. తనంతట తనే ముసుగు ఊడదీసుకుని, తనంతట తనే పడి, చేయి విరగ్గొట్టుకున్నట్టే. నువ్వు ఒకసారి లాగావు. నేను రెండోసారి లాగినట్టవుతుంది.

ఇంకొకటి ఉంది. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు. వాళ్ళ పెంపకం అలాంటిదని రాశావు కదా, నా పెంపకం చెబుతాను విను.

నీకు మూడేళ్ళప్పుడు అన్నం తినేవాడివి కాదు. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడివి. అప్పుడు కాశీబుగ్గ నుంచి గాజులు, అత్తరు అమ్ముకునే సాయిబుల ఆవిడ ఒకామె నల్లముసుగుతో మన వీధికి వచ్చేది. నేను నిన్ను చంకనెత్తుకుని చూపించి, "అదిగో బూసి! తినకపోతే ఆ ముసుగుల ఏసుకుని ఎత్తుకుపోద్ది" అనేదాన్ని. నువ్వు గబగబా మింగేసేవాడివి. ఆవిడకి వినబడేది. ఒక్కనాడూ మారుమాట అనలేదు. ఒకసారి నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే పాపం జాలిపడి, దగ్గరికి వచ్చి, ముసుగు పైకెత్తి నీకు ముఖం చూపించబోయింది. నేను నిన్ను లోపలికి లాక్కుపోయాను. ముఖం చూస్తే నీకు భయం పోతుంది. భయం పోతే తినవు. గిన్నెలో ఇంకా సగం ఉంది.

అలా రెండేళ్ళు పెట్టాను. నువ్వు ఒళ్ళు చేశావు. అందరూ కాసులమ్మ బిడ్డని బాగా పెంచింది అన్నారు. తారకేశ్వరరావుగారి వాళ్ళు నీకు కొత్తగా నేర్పింది ఎంతో నాకు తెలియదు గాని, మొదలుపెట్టింది నేను. కోర్టులో ఎవరైనా పెంపకం గురించి అడిగితే దాచకు.

వాయిదా నాడు నాకు రాసినట్టే జడ్జీగారికి చెప్పు. ఎన్నాళ్ళు వేస్తారో వేయనీ. నేను వస్తున్నాను. మీ చిన్నాన్న తోడు వస్తాడు. వరహాలమ్మ నాతో మాట్లాడకపోయినా వాళ్ళ అల్లుడికి ఫోను చేసి మేముండడానికి చోటు చూడమంది. ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్తాను. వెళ్ళి ఏం చెబుతానో తెలియదు. భాష రాదు. క్షమించమనడానికి వెళ్ళడం లేదు, ఏ మొహంతో అడుగుతాను? రొయ్యలు ఒలవడం నాకు వచ్చు. ఆ చేయి వచ్చేదాకా తన వాటా నన్ను ఒలవనిస్తారేమో షెడ్డులో అడుగుతాను. తను వద్దంటే గుమ్మం బయట కాసేపు కూర్చుని వస్తాను. తలుపు తీయకపోతే అది తన ఇష్టం.

కోర్టులో నన్ను చూసి ఏడవకు, నిలబడి చెప్పు. కోపం ఉంటే నా మీద ఉంచుకో, పరవాలేదు.

చిక్కిపోయి ఉంటావు. పప్పు నీళ్ళగా ఉన్నా అన్నంలో కలుపుకో. మారు పెడితే సిగ్గుపడకుండా పెట్టించుకో. అక్కడ నిన్ను భయపెట్టి తినిపించేవాళ్ళు ఎవరూ ఉండరు. నీ అంతట నువ్వే, వేళకి కడుపు నిండా తిను నాన్నా.

అమ్మ